మూడు బిళ్ళలు

పోయిన వారం మీరు నన్ను పొయ్యి ముందు వదిలేశారు. పాలు పొంగుతున్నాయి, గోడ అవతలి నుంచి "అక్కా! సమ్మీ!" అని పూలమ్మ కేక వినబడింది, పాలను వాటి ఖర్మకు వదిలేసి నేను పరిగెత్తాను.

పరుగు అందుకునే ముందు, ఈ వారమే మా వాకిట్లో అడుగుపెట్టినవాళ్ళకు రెండు మాటలు. నా పేరు అనసూర్య. హనుమకొండలో బి.ఏ. చదివాను. మొన్న మాఘంలో ముత్యంగారిని పెళ్ళి చేసుకుని గోదావరిఖని వచ్చాను. ఆయన బొగ్గుబాయిలో ఓవర్‌మన్, అంటే గనిలో దిగి మనుషుల చేత పని చేయించే ఉద్యోగం. మాకు రెండు గదుల క్వార్టరు, డాల్డా డబ్బాలో మల్లెమొక్క, నల్లా తిప్పితే నీళ్ళు, పొయ్యిలోకి కావలసినంత బొగ్గు. ఇంతకంటే మహారాణికి మాత్రం ఏముంటుంది? బాయి సైరన్ కూసినప్పుడల్లా మా గూట్లో గిన్నెలు సన్నగా వణుకుతాయి. నాకు అది కూడా సంగీతమే.

ఆయనకు ఇది రెండో పెళ్ళి. మొదటి ఆమె రాజవ్వ పురిట్లోనే పోయింది. ఆమె వదిలి వెళ్ళిన పిల్లకు ఇప్పుడు మూడేళ్ళు, పేరు సమ్మక్క. జాతర ఏడాది పుట్టిందని ఆ పేరు పెట్టారు కాబట్టి కాలనీలో ముసలివాళ్ళు కూడా ఆ గుప్పెడు పిల్లను "అక్కా" అని పిలవాల్సిందే. ఇంట్లో మాత్రం సమ్మి. నేను దానికి "కొత్తమ్మ"ను. పెళ్ళిచూపుల నాడు ఆయన వెనక నుంచి తొంగిచూసి నాలుక బయటపెట్టింది. నేనూ పెట్టాను. సంబంధం అక్కడే ఖాయమైందని మా నాన్న ఇప్పటికీ అంటాడు.

ఇక పూలమ్మ. రాజవ్వ చెల్లెలు. తల్లి లింగవ్వతో మా పక్క క్వార్టర్లోనే ఉంటుంది. సమ్మిని పుట్టిన నాటి నుంచి సాకింది ఆమే. ఇక్కడ అమ్మను "అవ్వ" అంటారు. సమ్మి ఆ మాట పూలమ్మకు ఇచ్చేసింది. నాకు కొత్తమ్మ మిగిలింది. అది కూడా పాతబడని పేరు!

ముత్యం మరదల్నే చేసుకుంటాడని బస్తీ అంతా అనుకుందట. ఎందుకు చేసుకోలేదో నాకు ఎవరూ చెప్పరు. అడిగితే ఆయన నవ్వి మీసం దువ్వుకుంటారు. చచ్చిపోయిన అక్క స్థానంలోకి వచ్చానని, నాకంటే రెండేళ్ళు పెద్దదైన పూలమ్మ నన్ను "అక్కా" అని పిలుస్తుంది. అందరూ "ఎంత మంచి పిల్ల" అంటారు. నేను మాత్రం లెక్క కట్టుకున్నాను. నన్ను అక్క అన్నంత కాలం ఆమె మా ఆయనకు మరదలే. ఆమె ఆయన్ని "బావా, నువ్వు" అంటుంది. నేను "మీరు" అంటాను. ఒక్క మాట తేడాకు మనిషి ఎంత కుతకుత ఉడకగలదో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

ఇంకొక్కటి చెప్పి పరిగెడతాను. బాయిలో దిగే ప్రతి మనిషికీ అర్ధరూపాయంత ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద నంబరు, పైన తాడు వేసుకోవడానికి చిన్న చిల్లు. దిగే ముందు లాంపురూములో ఆ బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ ఇవ్వందే దీపం లేదు. దీపం లేందే బాయి లేదు. ఆయన నంబరు మూడువందల పన్నెండు. అందరి బిళ్ళలూ చెమటకూ బొగ్గుకూ నల్లబడి ఉంటాయి. మా బిళ్ళను నేను రోజూ సాయంత్రం చింతపండు పెట్టి తోముతాను.

"లాంపురూముల వాళ్ళు నగుతున్నరే! ముత్యమన్న బిళ్ళకు పెండ్లయింది అంటున్నరు" అని ఒక రోజు ఆయన సిగ్గుపడుతూ చెప్పారు. ఆ మాట తలుచుకుని నేను రోజంతా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నిన్న సాయంత్రం కూడా తోమాను. నా ముక్కుపుడక అందులో కనిపించేదాకా తోమాను. తర్వాత ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టెలో దాచాను, ఆదివారం క్లబ్బులో సినిమాకు. పొద్దున ఆయన ఖాకీ బట్టలేసుకుని, టిఫిన్ క్యారేజీ సైకిలుకు తగిలించుకుని మొదటి షిఫ్టుకు వెళ్ళారు. సమ్మి ఎప్పటిలాగే గోడ సందులోంచి పూలమ్మ ఇంటికి జారుకుంది. నేను పాలు పెట్టాను.

అప్పుడే ఆ కేక.

నేను వెళ్ళేసరికి సమ్మి గచ్చు మీద కూర్చుని ఉంది. నోరు తెరిచే ఉంది, చొంగ గౌను మీదికి కారుతోంది, ఒక చెయ్యి గొంతు మీద ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా బుడగబూరలోంచి గాలి పోయినట్టు సన్నగా కూత వస్తోంది. పూలమ్మ దాని వీపు మీద చరుస్తోంది. సమ్మి ఏడవడం లేదు. అది ఏడవకపోవడమే నన్ను భయపెట్టింది. దెబ్బ తగిలితే కాలనీ కప్పు లేచిపోయేలా ఏడ్చే పిల్ల అది.

"ఏమైంది?"

"ఏమో అక్కా! ఆడుకుంటాందని నేను కుట్టు మిషిను మీద కూసున్న. ఇటు తిరిగేసరికి గిట్ల..."

సమ్మి నా వైపు చూసి చాలా కష్టంగా "బిల్ల" అంది. మళ్ళీ "బిల్ల" అని గొంతు చూపించింది.

నాకు అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకున్నాను. మా అమ్మది తెనాలి వైపు. మా ఇంట్లో జ్వరమొస్తే బిళ్ళ వేసుకుంటాం. లింగవ్వకు నిద్ర పట్టదని డాక్టరు రాసిచ్చిన బిళ్ళల సీసా ఈ ఇంట్లో ఉందని నాకు తెలుసు.

"నిద్రబిళ్ళలు మింగింది! పిల్ల చేతికందేట్టు ఎక్కడ పెట్టావు పూలమ్మా? నువ్వే సాకినవని అందరికీ చెప్పుకుంటవు గదా, గిదేనా సాకుడు?"

ఆమె మొహం తెల్లబోయింది. అయినా తగ్గలేదు.

"అవ్వ నిద్ర గోలీలు అటుక మీద ఉన్నయి అక్కా, నాకే అందయి. గోలీ అయితే పోరి గోలీ అంటది గని బిళ్ళ అంటదా? పొద్దుగాల పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చిన. గదే అడ్డం పడ్డది. ఎచ్చటి నీళ్ళు తాపుతె కరుగుతది."

"ఏమీ తాపొద్దు!"

"నువ్వు చదువుకున్నవని..."

ఆమె అప్పటికే గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు పోసిందో లేదో ఆ నీళ్ళు సమ్మి ముక్కులోంచి, నోట్లోంచి తిరిగొచ్చేశాయి. పిల్ల కళ్ళు పైకి తేలేసింది. ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం. నేను ఒక రెక్క, ఆమె ఒక రెక్క. లింగవ్వ వాకిట్లోంచి నెత్తి కొట్టుకుంటూ "పోరిని చీరుతరా ఏంది! దవాఖానకు తీస్కపోండ్రి, జల్ది!" అని అరవకపోతే ఎంతసేపు అలా లాక్కునేవాళ్ళమో.

వీధి చివర రిక్షా దొరికింది. రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద వస్తున్న మా కాలనీ నర్సింగం కాక ఎదురొచ్చాడు.

"కాకా, జరా బాయి కాడికి పోయి మా ఆయనకు చెప్పు. పిల్లను దవాఖానకు తీస్కపోతున్నమని చెప్పు" అన్నాను.

"ఇప్పుడే బావకెందుకు అక్కా?" అంది పూలమ్మ చప్పున. "బాయిల దిగిన మనిషి. ఫికర్‌తోని ఉరికొస్తడు. మనం ఇద్దరం లేమా?"

మనం ఇద్దరం! ఆయన దిగులు పడతారేమో అని దిగులు పడే హక్కు కూడా ఈమెదేనా? "పో కాకా, నువ్వు పో" అన్నాను. కాక సైకిలు తిప్పాడు. పూలమ్మ ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూసింది. నేను ఆ చూపును గమనించి, దాన్ని నా జాబితాలో వేసుకున్నాను. నా దగ్గర పూలమ్మ తప్పుల జాబితా ఒకటి ఉంది, మనసులో. చాలా పొడుగు.

రిక్షాలో సమ్మి మా ఇద్దరి మీద అడ్డంగా పడుకుంది. తల ఆమె ఒడిలో, కాళ్ళు నా ఒడిలో. నాకెప్పుడూ కాళ్ళే. ఆ చిన్న పాదాలను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. నిన్న నేనే పెట్టిన గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. "దేవుడా, ఈ పాదాలు మా ఇంట్లో తిరిగితే చాలు, ఎవరిని అవ్వ అని పిలిచినా సరే" అని మొక్కుకున్నాను. మొక్కిన మరుక్షణం, "అంటే, మరీ ఎప్పటికీ కాదు" అని సవరించుకున్నాను. ఏం చేస్తాను, నా గుణం అది.

దవాఖానలో నర్సు మార్తమ్మ పిల్లను చూడగానే చేతిలోని ట్రే కింద పెట్టేసింది.

"తల్లి ఎవరు?"

"నేనే" అన్నాను.

"నేనే" అంది పూలమ్మ.

మార్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒక్క బిడ్డకు ఇద్దరు తల్లులా? సరే, ఇద్దరూ జరుగుండ్రి" అని సమ్మిని ఎత్తుకుని డాక్టరు ముందు కూర్చోబెట్టింది. సామ్యేల్ డాక్టరు గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. గొంతు పెంచరు.

"ఏం మింగింది?"

"నిద్రబిళ్ళలు."

"పిప్పరమెంటు బిళ్ళ, సారూ."

ఆయన పిల్ల కళ్ళు చూశారు, గొంతు దగ్గర చెవి పెట్టి విన్నారు. "నిద్రబిళ్ళలు మింగిన పిల్ల ఇట్లా కళ్ళు తెరిచి చూడదమ్మా. పిప్పరమెంటు ఈపాటికి కరిగిపోయేది. ఫోటో తీద్దాం."

ఎక్స్‌రే ఫోటో ఇంకా తడిగా ఉండగానే మార్తమ్మ దాన్ని కిటికీకి అడ్డం పట్టింది. పిల్ల సన్నని మెడ ఎముకల మధ్య పున్నమి చంద్రుడిలా తెల్లగా, గుండ్రంగా ఒక బిళ్ళ. చందమామకు పైన చిన్న చిల్లు.

"రూపాయి కాదు. రూపాయికి చిల్లెందుకు ఉంటుంది?" అన్నారు డాక్టరు గారు.

మార్తమ్మ దగ్గరికి వంగింది. "సార్, నేను రోజూ మా ఆయన జేబులకెల్లి తీసే బిళ్ళ గిదే. బాయి బిళ్ళ."

బాయి బిళ్ళ! ఈ ఊళ్ళో కుక్కలకు కూడా తెలిసిన బిళ్ళ. మా ఇద్దరికీ ఎందుకు తట్టలేదంటే, తట్టడానికి వీల్లేదు కాబట్టి. మొదటి షిఫ్టు మనిషి బాయిలో దిగితే బిళ్ళ లాంపురూములో కొక్కానికి వేలాడుతుంది. ఇంట్లో ఎలా ఉంటుంది?

"మా ఆయన డ్యూటీల ఉన్నరు. మాది కాదు" అన్నాను. అంటూ పక్కకు చూశాను. పూలమ్మ చెయ్యి బొడ్డు దగ్గర దోపుకున్న గుడ్డసంచి మీదికి వెళ్ళింది. వేళ్ళు సంచిని నొక్కి చూశాయి. ఒకసారి, ఇంకోసారి. సంచి ఖాళీగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆ సంచిలో ఏముండేదని అడగబోయాను. కానీ అప్పుడు దానికి తీరిక లేదు. సమ్మి పెదవులు నేరేడు పండు తిన్నట్టు రంగు మారుతున్నాయి.

"ఎవరిదైనా కానీ, ముందు బయటికి రావాలి" అన్నారు డాక్టరు గారు. "అన్నం దిగే దారి మొదట్లో ఇరుక్కుంది. పక్కనున్న ఊపిరి గొట్టాన్ని ఒత్తుతోంది. కరీంనగర్ దాకా పంపేంత వ్యవధి లేదు. నేనే తీస్తాను. కానీ పిల్ల గింజుకుని ఏడిస్తే అది జారి ఊపిరికే అడ్డం పడుతుంది. ఎవరి చేతుల్లో ఏడవకుండా ఉంటుందో ఆ ఒక్కరు లోపలికి రండి."

ఫోటో దగ్గర్నుంచి సమ్మి నా చంకలో ఉంది. నేను దాన్ని ఇంకా దగ్గరికి అదుముకున్నాను. అది నా భుజం మీది నుంచి రెండు చేతులూ చాపింది. పూలమ్మ వైపు.

ఇవ్వడానికి ఎంత సేపు పట్టిందని అడగకండి. మనిషి లోపల చాలా సేపు పట్టింది, బయటికి మాత్రం వెంటనే ఇచ్చేశాను. "తీసుకో" అన్నాను. తలుపు మూసుకుంది.

బయట బల్ల మీద కూర్చుని ఏడ్చాను. పిల్ల కోసం ఏడ్చానా, పిల్ల చాపిన చేతుల కోసం ఏడ్చానా అంటే రెండిటికీ సరిపడా కన్నీళ్ళు ఉన్నాయి నా దగ్గర.

ఒక్క నిమిషానికే తలుపు తెరుచుకుంది. పూలమ్మ తల బయటికొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది.

"అక్కా, రా! పండ్లు గిట్టకరిచింది. నోరు తెరుస్తలేదు. ఎంత బతిలాడినా తెరుస్తలేదు. సార్ బలిమి చెయ్యొద్దంటున్నడు."

"నేనేం చెయ్యాలె? నీ చేతుల్ల ఉండేదే గదా!"

"నా చేతుల్ల ఉంటది గని నా మాటకు నోరు తెరువది! కొత్తమ్మ సైరన్ అంటాంది, సప్పుడు లేకుంట, పెదవులతోని. గదేందో నాకు ఎరుకనా?"

సైరన్! నేను ఎలా లోపలికి వెళ్ళానో నాకు తెలియదు.

అన్నం తినడానికి మారాం చేస్తుంటే నేను కనిపెట్టిన ఆట అది. నేను బాయి సైరన్‌లా కూస్తాను. కూత పైకి లేస్తున్నకొద్దీ సమ్మి నోరు బాయి ద్వారంలా తెరవాలి. కూత దిగేదాకా మూయకూడదు. ముద్ద లోపలికి షిఫ్టుకు వెళ్తుంది. మా వంటింట్లో రోజుకు పది షిఫ్టులు నడుస్తాయి. పూలమ్మకు ఈ ఆట తెలియదని నాకు తెలియదు.

సమ్మిని దుప్పట్లో చుట్టి బల్ల మీద పడుకోబెట్టారు. పూలమ్మ తల పట్టుకుంది. నేను కాళ్ళ దగ్గర కాదు, ఈసారి మొహానికి ఎదురుగా నిలబడ్డాను. డాక్టరు గారు తలాడించారు.

"సమ్మీ, మొదటి షిఫ్టు" అన్నాను. "కూ..."

నా గొంతు వణికింది. సైరన్‌లు వణకవు. మళ్ళీ మొదలుపెట్టాను. సన్నగా, కింది నుంచి, దవాఖాన అంతా విననీ అని. "కూఊఊ..." సమ్మి నన్ను చూసింది. దంతాలు విడివడ్డాయి. కూత లేచింది, నోరు తెరుచుకుంది. డాక్టరు గారు చిన్న దీపమున్న పరికరాన్ని నాలుక మీదుగా లోపలికి దించారు. వెనకే పొడుగాటి పటకారు. నేను ఊపిరి తీసుకోలేదు. కూత దిగితే నోరు మూస్తుంది. నా కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి, నా సైరన్ కీచుమంటోంది, పూలమ్మ "ఇంక జరసేపు అక్కా, ఇంక జరసేపు" అని గొణుగుతోంది.

దీపం లోపలికి వెళ్ళింది. బిళ్ళ బయటికొచ్చింది.

లాంపురూములో దీపం ఇచ్చి బిళ్ళ తీసుకున్నట్టే.

మరుక్షణం సమ్మి ఏడ్చింది. కాలనీ కప్పు లేచిపోయే ఏడుపు, మా ఏడుపు, మా ఇంటి ఏడుపు! అంత తియ్యటి శబ్దం నేను రేడియోలో కూడా వినలేదు. నేను నవ్వాను, పూలమ్మ నవ్వింది, ఒకరి భుజం మీద ఒకరం పడి నవ్వాం. ఆ ఒక్క నిమిషం నా జాబితా ఎటు పోయిందో నాకే తెలియదు.

మార్తమ్మ బిళ్ళను నీళ్ళలో కడిగి నా అరచేతిలో పెట్టింది. "జాగ్రత్తమ్మా. మూడువందల పన్నెండు. ఎవరిదో?"

నంబరు చదవనక్కర్లేదు. ఈ ఊళ్ళో చింతపండుతో తోమిన బిళ్ళ ఒక్కటే ఉంది. అరచేతిలో బంగారంలా మెరిసింది. నా ముక్కుపుడక అందులో కనిపించింది.

పిల్లను కాసేపు గమనించాలని మంచం మీద పడుకోబెట్టారు. అది నా ఒళ్ళో తల పెట్టి, పూలమ్మ కొంగు పట్టుకుని నిద్రపోయింది. ఇప్పుడు నాకు తీరిక దొరికింది.

"ఇది నీ సంచిల ఎందుకున్నది?" అన్నాను, పిల్ల లేవకుండా మెల్లగా.

పూలమ్మ సంచిని చీరలోకి ఇంకా లోతుగా దోపుకుంది.

"నువ్వు సంచి తడుముకున్నప్పుడు నేను చూసిన. సమ్మి నీ బొడ్లనుంచి తీసింది. అవునా?"

"తీసినట్టున్నది. నేను మిషిను తొక్కంగ సంచి పక్కకు పెట్టిన, దవాఖానకు ఉరికేటప్పుడు చూడకుంటనే దోపుకున్న. పోరి మెరిసేది చూస్తె ఇడుస్తదా..." ఆమె సమ్మి పిడికిట్లోని తన కొంగు చూసుకుంది. "నా పాణం పోయినా బాగుండు అక్కా."

"పాణం సంగతి తర్వాత. మా ఆయన బిళ్ళ నీ దగ్గరెందుకున్నది?"

"అక్కా..."

"నన్ను అక్క అనకు. నేను నీకంటె చిన్న. రోజూ సాయంత్రం నేను తోమి ఇస్తున్న. పొద్దుగాల ఆయన జేబుల వేసుకుని పోతున్నరు. నా గడప దాటి, నీ గడప ఎక్కి, నీ బొడ్లకు చేరుతున్నదా బిళ్ళ? ఎన్ని దినాల నుంచి?"

"ఇయ్యాల ఒక్కనాడే. సమ్మి మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్లు పెట్టకు!"

"మరి ఎవరి మీద పెట్టాలె? నాకు ఉన్నదే గదొక్కటి." ఆమె మొదటిసారి నా కళ్ళలోకి నేరుగా చూసింది. ఆ కళ్ళలో తప్పు చేసిన భయం కంటే వేరే ఏదో ఉంది. అసూయ నాకు బాగా తెలిసిన చుట్టం కాబట్టి, ఎదుటి ఇంట్లో ఉన్నా గుర్తుపడతాను. "నీకు అన్నీ ఉన్నయి. సైరన్ ఆట కూడ ఉన్నది. మూడేండ్లు ఎత్తుకున్న నాకు నోరు తెరువని పోరి, నిన్ను చూసి తెరిచింది. నేను ఎంత ఉడికినో నీకెరుకనా? ఇంక నన్ను అడగకు అనసూర్యా. బావనే అడుగు."

అక్క పోయి అనసూర్య వచ్చింది. నేనే అడిగాను కదా, అయినా గుచ్చుకుంది.

అప్పుడే నర్సింగం కాక గుమ్మంలో కనిపించాడు. చెమటలు కక్కుతున్నాడు.

"పోరి బతికిందా బిడ్డా? ఎములాడ రాజన్న దయ!" అని దండం పెట్టుకుని, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఇబ్బందిగా నిలబడ్డాడు. "బాయి కాడికి పోయిన గని ముత్యం దొరకలే. లాంపురూముల అడిగిన. ఇయ్యాల దీపం తీస్కోనే లేదట. డ్యూటీకే రాలేదన్నరు. ఇంటికాన్నుంచి పోలేదా ఏంది?"

నేను పూలమ్మను చూశాను. ఆమె సమ్మి జుట్టు సవరిస్తోంది, అప్పటికే చక్కగా ఉన్న జుట్టును.

వరండాలో పరుగు అడుగులు వినిపించాయి. నాకు తెలిసిన అడుగులే. నాలుగు ఇళ్ళ అవతల నుంచే గుర్తుపట్టి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టే అడుగులు. ముత్యంగారు లోపలికొచ్చి నేరుగా పిల్ల దగ్గరికి వెళ్ళి, దాని ఛాతీ లేచి పడడం చూసి, మంచం పట్టె పట్టుకుని కూలబడ్డారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసి నా కోపం సగం కరిగింది. మిగిలిన సగం ఆయన ఒంటి మీద చూపు నిలిపింది.

ఖాకీ బట్టలు లేవు. మొహం మీద బొగ్గు లేదు. తలకు కొబ్బరినూనె. ఆదివారం సినిమాకని నేను పెట్టెలో దాచిన తెల్లచొక్కా ఉంది, నేను పెట్టిన మడత గీతలతో సహా.

"బాయి కాడ ఎవలో చెప్పిండ్రు. పని ఇడిచిపెట్టి ఉరికొస్తున్న" అన్నారు, వగరుస్తూ.

నర్సింగం కాక నేల చూశాడు. నేను గుప్పిట బిగించాను. లోపల ఇత్తడి వెచ్చబడింది.

"ఇయ్యాల బాయిల దిగిండ్రా?" అన్నాను, చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

మా ఆయన నాకు జవాబు చెప్పే ముందు పూలమ్మ మొహం చూశారు. పూలమ్మ తల అడ్డంగా ఊపింది. చెవి కమ్మ మాత్రమే కదిలేంత సన్నగా. చెప్పొద్దని.

ఆయన నా వైపు తిరిగారు.

"దిగిన" అన్నారు.

నేను గుప్పిట విప్పలేదు.